బొమ్మ ఉండాల్సింది లేబర్ రూమ్‌లోనే: ‘హెల్పింగ్ బేబీస్ బ్రీత్’ శిక్షణపై సమీక్ష

కాన్పులు జరిగే ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ పిల్లల డాక్టరు ఇరవై నాలుగు గంటలూ ఉండడు. బిడ్డ బయటికి వచ్చే క్షణంలో అక్కడ తప్పకుండా ఉండేది కాన్పు చేస్తున్న నర్సు, ఆమెకు సాయంగా నిలబడ్డ మరో మనిషి, ఉంటే ఒక అంబూ బ్యాగ్ (మాస్క్ ద్వారా బిడ్డకు చేత్తో పిండి గాలి అందించే సంచి). ఏడవని బిడ్డ చేతికి వచ్చినప్పుడు ఆ నర్సు మొదటి నిమిషంలో ఏం చేస్తుందన్నదాని మీదే ఆ బిడ్డ బతుకు చాలావరకు ఆధారపడి ఉంటుంది. సరిగ్గా ఆ నిమిషం కోసమే తయారైన శిక్షణ ‘హెల్పింగ్ బేబీస్ బ్రీత్’. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ దీన్ని యూఎస్‌ఎయిడ్, సేవ్ ది చిల్డ్రన్, లేర్డల్ గ్లోబల్ హెల్త్ వంటి సంస్థలతో కలిసి రూపొందించి 2010లో విడుదల చేసింది. 2016లో రెండో కూర్పు వచ్చింది. వనరులు తక్కువగా ఉన్న ఆసుపత్రుల సిబ్బందికి ఈ శిక్షణ ఇచ్చే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను కనుక, దీన్ని తమ ఆసుపత్రిలో పెట్టించాలా వద్దా అని ఆలోచిస్తున్న సూపరింటెండెంట్లకూ నర్సింగ్ బాధ్యులకూ పనికొస్తుందన్న ఉద్దేశంతో నా అంచనాను వివరంగా రాస్తున్నాను.

ఆ అంచనా ఏమిటో ముందే చెబుతాను. ఈ శిక్షణలో నేర్పే విషయం, నేర్పే పద్ధతి, ఇచ్చే సామగ్రి మూడూ చాలా మంచివి, నవజాత శిశు సంరక్షణలో ఒక్క శిక్షణకే వీలున్న ఆసుపత్రి ముందుగా దీన్నే ఎంచుకోవాలని నిస్సంకోచంగా చెబుతాను. కానీ ఒక్కరోజు తరగతి పెట్టి, సర్టిఫికెట్లు పంచి, సాధనకు వాడే పసిబిడ్డ బొమ్మను మర్నాడు బీరువాలో పెట్టి తాళం వేసే ఆసుపత్రికి దీనివల్ల దక్కేది బహు తక్కువ. తరగతి జరిగిన రోజు కన్నా ఆ తర్వాతి వారాలే ఇందులో అసలు భాగమని నా అనుభవమూ, ఈ శిక్షణ మీద జరిగిన అధ్యయనాలూ ఒకే మాటగా చెబుతున్నాయి.

మొదట, ఇందులో ఏమి వదిలేశారో చూడాలి, ఎందుకంటే ఈ శిక్షణ బలం అక్కడే ఉంది. పుట్టే ప్రతి పదిమంది పిల్లల్లో సుమారు ఒకరికి ఊపిరి అందుకోవడానికి ఎంతో కొంత సాయం కావాలి. వారిలో ఎక్కువమందికి ఒళ్లంతా గట్టిగా తుడిచి, వీపు మీద రెండు మూడు సార్లు రుద్దితే చాలు, ఏడుస్తారు. పుట్టినవారిలో నూటికి 3 నుంచి 6 మందికి బ్యాగ్, మాస్క్‌తో గాలి అందించాల్సి వస్తుంది. ఛాతీ మీద ఒత్తడం, గొంతులో గొట్టం వేయడం, మందులు ఎక్కించడం దాకా వెళ్లేవారు నూటికి ఒకరి కన్నా తక్కువ. పెద్ద ఆసుపత్రుల కోసం రాసిన పాఠ్యక్రమాలు ఈ చివరి ఒక్కరి కోసం సగం సమయం ఖర్చు పెడతాయి. చిన్న ఆసుపత్రి నర్సు అదంతా విని, తన చేతిలో లేని పరికరాల గురించి నోట్సు రాసుకుని, తన చేతిలో ఉన్న బ్యాగ్‌ను మాత్రం సరిగా పట్టుకోవడం రాకుండానే ఇంటికి వెళుతుంది. ‘హెల్పింగ్ బేబీస్ బ్రీత్’ ఆ చివరి మెట్లను పూర్తిగా పక్కన పెట్టి, తుడవడం, వెచ్చగా ఉంచడం, వీపు రుద్దడం, అవసరమైతేనే నోరు ముక్కు శుభ్రం చేయడం, బ్యాగ్‌తో గాలి అందించడం అనే పనుల మీదే రోజంతా గడుపుతుంది. ఇంత నిక్కచ్చిగా వదిలేయడానికి చాలా ఆలోచన, ధైర్యం కావాలి, ఆ నిర్ణయం సరైనదని నేను గట్టిగా నమ్ముతాను.

సామగ్రి సంగతికి వస్తే, గోడకు అంటించే చిత్రాల చార్టు ఒకటి ఉంటుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో, బిడ్డ ఏడుస్తోందా, ఊపిరి తీసుకుంటోందా, గుండె ఎలా కొట్టుకుంటోంది అనే ప్రశ్నల వెంట ఏ పని చేయాలో అది దారి చూపిస్తుంది. శిక్షకులు పేజీలు తిప్పుతూ చెప్పడానికి ఒక పెద్ద చిత్రాల పుస్తకం, నేర్చుకునేవారికి ఇచ్చే చిన్న పుస్తకం కూడా ఉంటాయి. చదువుకునే భాగం తక్కువ, చూసి చేసే భాగం ఎక్కువ. వీటితోపాటు ‘నియోనాటలీ’ అనే బొమ్మ వస్తుంది. లేర్డల్ గ్లోబల్ హెల్త్ ప్రత్యేకంగా ఈ శిక్షణ కోసం తక్కువ ఖర్చులో తయారుచేసిన బొమ్మ ఇది.

ఈ బొమ్మ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మడిచి సంచిలో పెట్టుకుని తీసుకెళ్లి, అక్కడికి వెళ్లాక సుమారు రెండు లీటర్ల నీళ్లు నింపితే నిజమైన పసిబిడ్డ బరువుకు వస్తుంది. నీళ్లు నిండిన ఆ ఒళ్లు చేతిలో జారుతూ, మెడ నిలవక తల వెనక్కి వేలాడుతూ ఉంటుంది. ఊపిరి లేని బిడ్డను ఎత్తుకున్నప్పుడు చేతులకు తెలిసే ఆ మెత్తదనం గట్టి ప్లాస్టిక్ బొమ్మల్లో ఎప్పటికీ రాదు. బొడ్డుతాడు ఊడదీసి మళ్లీ తగిలించుకోవచ్చు, కనుక దాన్ని కట్టి కత్తిరించడం కూడా సాధన చేయవచ్చు. పక్కనుండే రబ్బరు బంతుల్లో ఒకదాన్ని నొక్కితే బొడ్డుతాడులో నాడి కొట్టుకుంటుంది, మరొకదాన్ని నొక్కితే బిడ్డ ఊపిరి తీసినట్టు ఛాతీ లేస్తుంది. కరెంటు అక్కరలేదు. అన్నిటికన్నా విలువైనది, మాస్క్ పట్టు కుదిరి తల సరైన స్థితిలో ఉంటేనే బొమ్మ ఛాతీ పైకి లేస్తుంది, లేకపోతే లేవదు. శిక్షకులు నోరు విప్పనక్కరలేకుండానే తప్పు ఎక్కడుందో నేర్చుకునేవారికి వెంటనే తెలిసిపోతుంది.

తరగతిలో ఇద్దరికి ఒక బొమ్మ, ఆరుగురికి ఒక శిక్షకురాలు ఉండాలన్నది నియమం. ఈ లెక్కలో రాజీ పడవద్దని గట్టిగా కోరుతున్నాను. ఇరవైమందిని కూర్చోబెట్టి ఒక్క బొమ్మతో ప్రదర్శన ఇస్తే అది ఉపన్యాసమే అవుతుంది. జంటలో ఒకరు కాన్పు చేసే నర్సుగా ఉంటే, రెండోవారు రబ్బరు బంతులు పట్టుకుని బిడ్డగా వ్యవహరిస్తారు. తర్వాత పాత్రలు మారతాయి. బిడ్డగా ఉన్నవారు నాడిని వేగంగా కొట్టించాలా, నెమ్మదిగా కొట్టించాలా, ఎప్పుడు ఊపిరి తీయించాలా అని నిర్ణయించాలి కనుక, ఎదుటివారి చేతుల్ని క్షణక్షణం గమనించక తప్పదు. అలా గమనించడం వల్లే చాలామంది సగం నేర్చుకుంటారు. డాక్టర్లు, నర్సులు కలిసి హాజరైనప్పుడు మాత్రం జంటలు కట్టడంలో జాగ్రత్త అవసరం. డాక్టరుగారి మాస్క్ పక్కనుంచి గాలి పోతోందని జూనియర్ నర్సు చెప్పలేకపోతే ఆ జంటలో ఇద్దరూ నష్టపోతారు. తప్పు కనిపిస్తే పైకి చెప్పడం కూడా ఈ సాధనలో భాగమేనని ఉదయమే అందరికీ స్పష్టం చేస్తే ఆ ఇబ్బంది చాలావరకు తొలగుతుంది.

ఇక మాస్క్ పట్టడం. అనుభవం లేనివారి కన్నా, ఏళ్ల తరబడి కాన్పులు చేసినవారే ఇక్కడ ఎక్కువ కష్టపడటం చూశాను. మాస్క్‌ను ముందు గడ్డం మీద ఆనించి, తర్వాత నోరు ముక్కుల మీదికి దించాలి. అంచు కళ్ల మీదికి పోకూడదు, గడ్డం దాటి కిందికి జారకూడదు. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ పైభాగాన్ని ఒత్తి ఉంచుతుంటే, మధ్యవేలు గడ్డం ఎముకను పట్టుకుని మాస్క్ వైపు పైకి లాగాలి. కంగారులో అందరూ చేసేది ఏమిటంటే, గాలి పోకుండా ఉండాలని మాస్క్‌ను మొహం మీద బలంగా కిందికి నొక్కేస్తారు. దాంతో బిడ్డ మెడ ముందుకు వంగి, గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. బ్యాగ్ ఎంత పిండినా ఛాతీ కదలదు. అప్పుడు మరింత గట్టిగా పిండుతారు. ఆ సమయంలో శిక్షకురాలు చేయాల్సిందల్లా నేర్చుకుంటున్న నర్సు చూపును బొమ్మ ఛాతీ మీదికి మళ్లించడమే. చేతివేళ్లు వాటంతట అవే సర్దుకుని, మాస్క్ అంచు నుంచి వస్తున్న ఆ సన్నటి చప్పుడు ఆగి, ఛాతీ మొదటిసారి లేచినప్పుడు ఆమె మొహంలో కలిగే మార్పు చూసినవారికి ఈ శిక్షణ విలువ గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఛాతీ లేవనప్పుడు వరుసగా ఏం సరిచూసుకోవాలో కూడా స్పష్టంగా నేర్పుతారు: మాస్క్ తీసి మళ్లీ పెట్టడం, తలను కొద్దిగా వెనక్కి వాలిన స్థితికి తేవడం, నోట్లో ముక్కులో అడ్డు ఉంటే తీయడం, నోరు కాస్త తెరిచి ఉంచడం, ఆ తర్వాతే బ్యాగ్‌ను ఇంకొంచెం గట్టిగా పిండటం. నిమిషానికి సుమారు 40 సార్లు గాలి ఇవ్వాలి, పైకి లెక్కపెడుతూ ఇవ్వాలి. లెక్క నోటితో పలకకపోతే వేగం రెట్టింపు అవుతుంది. ఇది తరగతిలో ప్రతిసారీ కనిపించేదే. గాలి ఇవ్వడం మొదలుపెట్టాక మాటిమాటికీ ఆపి నోరు శుభ్రం చేయడం మరో పాత అలవాటు, దాన్ని కూడా ఇక్కడ మాన్పిస్తారు. తలకిందులుగా పట్టుకోవడం, అరికాళ్ల మీద కొట్టడం, చన్నీళ్లు చల్లడం వంటివి పూర్తిగా మానుకోవాలి. వీటివల్ల బిడ్డకు హాని కలగడమే కాక, ఆ కొన్ని సెకన్లలో చేయాల్సిన పని వెనకబడిపోతుంది. మొదటి నిమిషం ముగిసేలోపు బిడ్డ తనంతట తాను ఊపిరి తీస్తుండాలి, లేదా మనం బ్యాగ్‌తో ఊపిరి అందిస్తుండాలి. శిక్షణ మొత్తాన్ని కట్టి ఉంచే నియమం ఇదే.

ఆక్సిజన్ విషయంలో ఈ శిక్షణ చెప్పేది వనరులు లేని ఆసుపత్రులకు గొప్ప ఊరట. నెలలు నిండిన బిడ్డకు బ్యాగ్‌తో ఊపిరి అందించడం మామూలు గాలితోనే మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012 మార్గదర్శకాలు చెబుతున్నాయి. సిలిండర్ కోసం పరుగెత్తే మనిషి తిరిగి వచ్చేసరికి ఆ నిమిషం గడిచిపోతుంది. సిలిండర్ లేదు కనుక మనం ఏమీ చేయలేమన్న భావన సిబ్బందిలో బాగా పాతుకుపోయి ఉన్న చోట్ల, ఈ ఒక్క విషయం చెప్పి ఒప్పించడానికే సగం పూట కేటాయించినా వృథా కాదు.

2016 కూర్పులో వచ్చిన మార్పులు ముఖ్యమైనవి కనుక, మీకు శిక్షణ ఇచ్చేవారు ఏ కూర్పు వాడుతున్నారో తప్పక అడగాలి. ఉమ్మనీటిలో బిడ్డ మలం కలిసిందని ముందుగా నోరు, ముక్కు పీల్చే పద్ధతిని కొత్త కూర్పు విడిచిపెట్టింది. ఏడుస్తున్న బిడ్డకు బొడ్డుతాడును వెంటనే కాక, 1 నుంచి 3 నిమిషాల మధ్య కట్టి కత్తిరించాలని చెబుతుంది. పరికరాలను శుభ్రపరచడం, కాన్పు తర్వాత జరిగినదాన్ని బృందంగా మాట్లాడుకోవడం, తరచుగా కొద్దికొద్దిగా సాధన చేయడం అనే మూడింటికీ పాత కూర్పులో లేనంత చోటు ఇచ్చింది. పాత చార్టులు ఇంకా గోడల మీద ఉన్న ఆసుపత్రుల్లో వాటిని తీసేయించాలి. రెండు రకాల సూచనలు ఒకే గదిలో ఉండటం ప్రమాదం.

తరగతిలో చాలామంది తేలిగ్గా దాటేయాలనుకునే భాగం కాన్పుకు ముందు సిద్ధం కావడం. నా దృష్టిలో చిన్న ఆసుపత్రికి ఇందులో ఉన్నంత ఉపయోగం మరే భాగంలోనూ లేదు. సాయం ఎవరు చేస్తారో ముందే అనుకోవడం, గది వెచ్చగా ఉంచడం, ఫ్యాను ఆపడం, వెలుతురు చూసుకోవడం, రెండు పొడి బట్టలు తీసి ఉంచడం, చేతులు కడుక్కోవడం, చివరగా బ్యాగ్‌ను పరీక్షించడం. మాస్క్‌ను అరచేతికి గట్టిగా ఆనించి బ్యాగ్ పిండితే, లోపలి ఒత్తిడి పెరిగి పైనున్న కవాటం తెరుచుకుని చప్పుడు రావాలి. వదిలితే బ్యాగ్ వెంటనే మళ్లీ ఉబ్బాలి. అరనిమిషం కూడా పట్టని పని ఇది. శిక్షణ కోసం వెళ్లిన చోట్ల లేబర్ రూమ్‌లో వాడుతున్న బ్యాగ్‌నే తెప్పించి ఈ పరీక్ష చేయమని అడగడం నాకు అలవాటు. పగిలిన బ్యాగ్, కడిగిన తర్వాత తిరగేసి బిగించిన కవాటం, పెద్దపిల్లల మాస్క్ తగిలించి ఉన్న బ్యాగ్ ఇలాగే బయటపడ్డాయి. వాటిని అలాగే వదిలి ఉంటే తెలిసేది ఏడవని బిడ్డ చేతికి వచ్చినప్పుడే. మామూలు బిడ్డకు 1వ నంబరు మాస్క్, చిన్న బిడ్డకు 0వ నంబరు మాస్క్ రెండూ పక్కనే ఉండాలి.

ఇప్పుడు ఫలితాల విషయం. టాంజానియాలో ఎనిమిది ఆసుపత్రుల్లో ఈ శిక్షణ ప్రవేశపెట్టాక, పుట్టిన తొలి ఇరవై నాలుగు గంటల్లో జరిగే శిశు మరణాలు 47 శాతం, కాన్పు సమయంలో చనిపోయి పుట్టే పిల్లల సంఖ్య 24 శాతం తగ్గాయని 2013లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. కర్ణాటకలోని బెళగావి ప్రాంతంలో జరిగిన అధ్యయనంలో చనిపోయి పుట్టినట్టు నమోదైన పిల్లలు 3.0 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గారు గానీ, నవజాత శిశు మరణాల రేటు మారలేదు. ఈ రెండో ఫలితాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఊపిరి తీయక, కదలక, గుండె మాత్రం నెమ్మదిగా కొట్టుకుంటున్న బిడ్డను చనిపోయి పుట్టినట్టుగా పక్కన పెట్టేయడం సాధన లేని చోట్ల జరుగుతూ ఉంటుంది. బొడ్డుతాడు దగ్గర వేలు పెట్టి నాడి చూడటం, బ్యాగ్‌తో ప్రయత్నించడం అలవాటయ్యాక అలాంటి పిల్లల్లో కొందరు బతికి, రిజిస్టరులో జీవించి ఉన్నవారి గడిలోకి వస్తారు. కనుక మీ ఆసుపత్రిలో శిక్షణ ఫలితాన్ని చూసేటప్పుడు మరణాల రేటును ఒక్కటే చూడకూడదు, చనిపోయి పుట్టినవారి లెక్కనూ, పుట్టాక చనిపోయినవారి లెక్కనూ కలిపి చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం టాంజానియాలోనే, హైడోమ్ లూథరన్ ఆసుపత్రి నుంచి వచ్చింది. అక్కడ ఒక్కరోజు శిక్షణ తర్వాత నెలలు గడిచాక పరీక్షిస్తే, సిబ్బంది బొమ్మ మీద బాగానే చేశారు. లేబర్ రూమ్‌లో నిజమైన బిడ్డల విషయంలో మాత్రం వారి పనిలో మార్పు కనిపించలేదు. దీన్ని దాచకుండా ప్రచురించిన ఆ బృందాన్ని మెచ్చుకోవాలి. ఆ తర్వాత వారు పద్ధతి మార్చారు. లేబర్ రూమ్‌లోనే వారానికి 3 నుంచి 5 నిమిషాల పాటు జంటగా సాధన, నెలకోసారి 40 నిమిషాల పునశ్చరణ పెట్టారు. దాంతో వీపు రుద్ది ప్రేరేపించిన బిడ్డల శాతం పెరిగింది, బ్యాగ్ అవసరమైన బిడ్డల శాతం తగ్గింది, మొదటి ఇరవై నాలుగు గంటల మరణాలు ప్రతి వెయ్యి మందికి 11.1 నుంచి 7.2కు దిగాయి. శిక్షణ అదే, బొమ్మ అదే. మారినదల్లా బొమ్మ ఉన్న చోటు, దాన్ని చేతిలోకి తీసుకునే తరచుదనం. కాఠ్‌మాండూలోని పరోపకార్ ప్రసూతి ఆసుపత్రిలో దీనికి మరికొన్ని జోడించారు: ప్రతిరోజూ బ్యాగ్, మాస్క్ సాధన, కాన్పు తర్వాత తమ పనిని తామే సరిచూసుకునే పట్టిక, సహోద్యోగుల పరిశీలన, వారం వారం సమీక్ష. అక్కడ మొదటిరోజు మరణాలు వెయ్యికి 5.2 నుంచి 1.9కి, కాన్పు సమయంలో చనిపోయి పుట్టేవారు వెయ్యికి 9.0 నుంచి 3.2కు తగ్గారు.

ఎందుకిలా అవుతుందో లేబర్ రూమ్‌లో పనిచేసిన ఎవరికైనా తెలుసు. రోజుకు రెండు మూడు కాన్పులు అయ్యే చోట, బ్యాగ్ నిజంగా అవసరమయ్యే బిడ్డ ఒక్కో నర్సుకు నెలల తరబడి ఎదురుకాకపోవచ్చు. ఎదురైన రోజున ఆమె చేతులకు ఆ పని గుర్తుండాలి. ఈత లాగా ఒకసారి వస్తే ఎప్పటికీ మరిచిపోని విద్య కాదు ఇది; వారాలు గడిచేకొద్దీ మాస్క్ పట్టు సడలుతుంది. అందుకే బొమ్మను నీళ్లు నింపి, బిడ్డను పడుకోబెట్టే బల్ల పక్కనే, తాళం లేని చోట ఉంచాలని కోరుతున్నాను. పాడవుతుందని, పోతుందని భయపడి ఆఫీసు బీరువాలో పెట్టే ఆసుపత్రులు చాలా ఉన్నాయి. ఆ జాగ్రత్త వెనుక ఉన్న బాధ్యతను నేను గౌరవిస్తాను. కానీ వాడకంలో అరిగిపోయిన బొమ్మ తన పని చేసినట్టే. డ్యూటీ మారే సమయంలో దిగే నర్సు, ఎక్కే నర్సు కలిసి ఒకసారి సాధన చేసి, అదే ఊపులో బ్యాగ్‌ను పరీక్షించి రిజిస్టరులో సంతకం పెట్టడం నేను చూసినవాటిలో నిలకడగా సాగిన పద్ధతి. సిబ్బంది తరచూ బదిలీ అయ్యే చోట, కొత్తగా వచ్చిన వారికి మొదటి వారంలోనే నేర్పడానికి ఒక సీనియర్ నర్సుకు బాధ్యత అప్పగించాలి. ఆమె పేరు రాతపూర్వకంగా ఉండాలి, ఆ పనికి డ్యూటీలో సమయం కూడా కేటాయించాలి.

సాధనకు వాడే బ్యాగ్, బిడ్డలకు వాడే బ్యాగ్ వేరువేరుగా ఉండాలి. బిడ్డకు వాడిన ప్రతిసారీ భాగాలు విప్పి, సబ్బునీటితో కడిగి, మరిగించి, ఆరాక బిగించి, మళ్లీ అరచేతితో పరీక్షించాలి. బిడ్డ నోరు, ముక్కు పీల్చడానికి ‘పెంగ్విన్’ పేరుతో వచ్చే సిలికాన్ సాధనాన్ని విప్పి శుభ్రం చేసి మరిగించవచ్చు. ఇదే పనికి, లోపల శుభ్రం చేయడానికి వీల్లేని రబ్బరు బంతులను ఒకరి తర్వాత ఒకరికి వాడే చోట్ల ఇది తప్పక రావాలి. నీటి బొమ్మను చాలాకాలం వాడకుండా ఉంచాల్సి వస్తే నీళ్లు పూర్తిగా తీసి ఆరబెట్టాలి. మాస్క్ పట్టు, తల స్థితి, గాలి వేగం కొలిచి టాబ్లెట్ తెర మీద చూపించే ‘నియోనాటలీ లైవ్’ అనే మరో రకం కూడా ఉంది. శిక్షకులు తరచుగా రాలేని చోట అది మేలు చేస్తుంది. మామూలు రకంతో వారం వారం సాధన ఇంకా మొదలుకాని ఆసుపత్రి మాత్రం ముందు ఆ అలవాటు చేసుకుని, తర్వాత దాని గురించి ఆలోచించడం మంచిది.

ఈ శిక్షణకు ఉన్న హద్దు కూడా చెప్పాలి. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 లక్షల మంది శిశువులు పుట్టిన తొలి నెలలోనే చనిపోయారు. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పు సమయంలో ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్లు ఇందుకు ప్రధాన కారణాలు. ‘హెల్పింగ్ బేబీస్ బ్రీత్’ రెండో కారణానికి మాత్రమే సూటిగా సమాధానం ఇస్తుంది. మొదటి గంటలో తల్లి ఒంటికి బిడ్డ ఒళ్లు తగిలేలా పడుకోబెట్టడం, చనుపాలు పట్టించడం, తొంభై నిమిషాల లోపు కంటి సంరక్షణ, విటమిన్ కె ఇంజెక్షను, బొడ్డు పరిశీలన, బరువు, ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉందో లేదో చూడటం వంటివి ఇదే శిక్షణల వరుసలో 2014లో వచ్చిన ‘ఎసెన్షియల్ కేర్ ఫర్ ఎవ్రీ బేబీ’ అనే రెండో భాగంలో ఉంటాయి. తక్కువ బరువు పిల్లల కోసం 2015లో మూడో భాగం వచ్చింది; కంగారూ సంరక్షణ (బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఒంటి వేడితో కాపాడటం), గొట్టంతో పాలు పట్టడం అందులోనివి. కంగారూ సంరక్షణను బిడ్డ స్థిమితపడే దాకా ఆగకుండా వెంటనే మొదలుపెడితే తక్కువ బరువు పిల్లల్లో తొలి నెల మరణాలు 25 శాతం తగ్గుతాయని ఘానా, భారత్, మలావి, నైజీరియా, టాంజానియాల్లో జరిగి 2021లో వెలువడిన పరిశోధన తేల్చింది కనుక, ఆ భాగం చెప్పేవారు ఈ కొత్త విషయం కూడా చేర్చి చెబుతున్నారో లేదో అడిగి తెలుసుకోవాలి. మూడు భాగాలనూ ఒకే వారంలో కుక్కితే మాత్రం ఏదీ ఒంటబట్టదు. మొదటిది స్థిరపడ్డాక రెండోది పెట్టించండి.

నాకు లోటుగా తోచే మరో విషయం, బిడ్డ దక్కనప్పుడు చేయాల్సిన పని. పది నిమిషాలు సరిగా గాలి అందించినా గుండె కొట్టుకోవడమే మొదలుకాకపోతే ప్రయత్నం ఆపాలన్న సూచన ఉంది. కానీ ఆ మాట తల్లికి ఎవరు, ఎక్కడ, ఎలా చెప్పాలి, ఆ నర్సు మర్నాడు మళ్లీ అదే బల్ల దగ్గర ఎలా నిలబడాలి అన్నవాటికి ఒక్కరోజు తరగతిలో దొరికే సమయం చాలదు. దీనికి విడిగా ఒక గంట కేటాయించి, ఆసుపత్రిలో అందరూ గౌరవించే అనుభవజ్ఞురాలైన నర్సు చేత మాట్లాడించడం నేను పాటించే పద్ధతి, ఇతర శిక్షకులకూ అదే సూచిస్తాను.

శిక్షణ పెట్టించాలనుకునేవారు తేదీ ఖాయం చేసేముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. రాత్రి డ్యూటీ చేసేవారికి, సిజేరియన్ థియేటరులో బిడ్డను అందుకునే వారికి, నర్సుకు సాయంగా నిలబడే ఆయాలకు కూడా ఇందులో చోటుండాలి. పగటి డ్యూటీవారికి మాత్రమే శిక్షణ ఇచ్చి రాత్రి కాన్పులను వదిలేస్తే సగం పిల్లలకు ఇది అందదు. శిక్షకులు వెళ్లిపోయాక బొమ్మలు ఆసుపత్రిలోనే ఉంటాయా, వెనక్కి తీసుకెళతారా అని అడగండి. తీసుకెళ్లేటట్టయితే కనీసం ఒక బొమ్మ కొని ఉంచుకోకుండా శిక్షణ పెట్టించవద్దు. కాన్పుల రిజిస్టరులో వీపు రుద్దారా, బ్యాగ్ వాడారా, ఎంతసేపటికి ఊపిరి తీసింది అనే గళ్లు చేర్పించండి. చనిపోయి పుట్టినట్టు రాసే ప్రతి బిడ్డ విషయంలో నాడి చూశారా లేదా అన్న మరో గడి కూడా కావాలి. ఈ గళ్లను శిక్షణ రోజుకు ముందే గీయించడం మంచిది, ఆ రాత్రి జరిగే కాన్పు నుంచే వాటిని నింపవచ్చు.